ఆసుపత్రికి ఆటో ఖర్చు: మా ఊరి నిధి ఎలా నడపాలి?

రాసినవారు: జెరాక్స్ కొట్టు, నరసన్నపేట వైపు

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

మాది నరసన్నపేట దగ్గర ఒక పల్లె. హైవే మీద దిగి ఐదు కిలోమీటర్లు లోపలికి రావాలి. నాకు జెరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల కొట్టు ఉంది. ఊళ్లో ఎవరి యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) మీద పసుపు గీత ఉందో, ఎవరిది నీలమో నాకు కంఠతా వచ్చు (40 శాతం నుంచి 80 లోపు అయితే పసుపు, 80 ఆపైన నీలం). ఎవరి పెన్షన్ ఎంతో కూడా తెలుసు. అందుకే ఈ పని నా నెత్తిన పడింది.

ఏమైందంటే, ఈసారి అమ్మవారి సంబరాల్లో ఖర్చులు పోగా 40,000 మిగిలింది. హైదరాబాదు, చెన్నై, విశాఖలో పనులు చేసుకుంటున్న మా ఊరి కుర్రాళ్లు పద్దెనిమిది మంది, "ఈ డబ్బు మైకు సెట్లకి వద్దు, నెలకి తలా 500 మేం కూడా వేస్తాం, వికలాంగులకి రానుపోను ఖర్చులకి ఇద్దాం" అన్నారు. అంటే నెలకి 9,000. లెక్క నన్ను చూసుకోమన్నారు.

లోపలికి వెళ్లి చూస్తే కథ వేరేగా ఉంది. ఆర్టీసీలో వికలాంగులకి సగం టికెట్ రాయితీ ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. అంటే బస్సు మీద ఖర్చు పెద్దగా లేదు. డబ్బంతా పోయేది బస్సు దాకా వెళ్లడానికి, బస్సు దిగాక ఆసుపత్రి దాకా వెళ్లడానికి. రాయితీ ఏమో బస్సుకి, ఖర్చేమో ఆటోకి. ఇక బస్సు మెట్టు ఎక్కలేని మనిషికి ఆ రాయితీ ఉన్నా లేనట్టే.

ఈ నిధి ఇవ్వాల్సినవాళ్లు ఊళ్లో ఐదుగురు. మా వీధిలో ఒక అక్క ఉంది. వారానికి మూడుసార్లు శ్రీకాకుళంలో డయాలసిస్. వైద్యం ఉచితమే, నెలకి 10,000 పెన్షన్ కూడా వస్తుంది. పొద్దున చీకటితోనే తమ్ముడు బండి మీద హైవే దాకా దించుతాడు, బస్సు ఎక్కుతుంది, శ్రీకాకుళం కాంప్లెక్స్ (ఆర్టీసీ బస్టాండు) నుంచి షేరింగ్ ఆటోలో 20 ఇస్తుంది. వెళ్లడం వరకు బాగానే ఉంటుంది. తిరుగు ప్రయాణంతోనే వస్తుంది చిక్కంతా. మిషన్ మీంచి లేచాక బీపీ పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి, సూదులు తీసిన చోట కట్టు మీద దూది తడిగా ఉంటుంది. ఆ చేత్తో బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడమని ఎవరంటాం? అందుకని అక్కడినుంచి ఇంటిదాకా ఆటో కట్టించుకుంటుంది, 500. రోజుకి 520, నెలకి పదమూడు సార్లు వేసుకోండి, 6,760. పదివేల పెన్షన్‌లో మిగిలేది ఎంతో మీరే చూడండి. ఆవిడకి యూడీఐడీ కార్డు లేదు కాబట్టి రాయితీల లెక్కలో వికలాంగురాలు కూడా కాదు.

ఇంకో ఇంట్లో పదకొండేళ్ల బాబు. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడులో లోపం వల్ల కండరాలు మాట వినవు. కాళ్లు బిగుసుకుని కత్తెరలా ఒకదాని మీద ఒకటి వస్తాయి. ఫిజియోథెరపీకి వారానికి ఒకసారి శ్రీకాకుళం. వాళ్లమ్మ ఒళ్లో పెట్టుకుంటే పక్కన ఇంకో మనిషి కూర్చోలేడు. షేరింగ్‌లో సీటుకి 20 రూపాయలే, కానీ ఆ తల్లిని చూడగానే ఆటోవాళ్లు "స్పెషల్ అమ్మా" అంటారు. ఊరి నుంచి హైవేకి 150, కాంప్లెక్స్ నుంచి ఆసుపత్రికి 80. రానుపోను 460. అదే దారిలో పక్కింటావిడ వెళ్లొస్తే 80తో అయిపోతుంది.

మిగతా ముగ్గురిలో ఒకాయనకి షుగర్ వల్ల మోకాలి కింద కాలు తీసేశారు. ఒకతను పోలియో టైలరు. ఇంకొకడు చూపులేని కుర్రాడు, డిగ్రీ చదువుతున్నాడు. ముగ్గురికీ తలా 6,000 పెన్షన్.

నేను అడిగేది ఇది. డబ్బు వీళ్ల చేతికే ఇవ్వాలా, ఆటో అతనికి కట్టాలా, లేక నెంబరు వేసిన చీటీలు ఇచ్చి ఆదివారం రామాలయం దగ్గర లెక్క తేల్చాలా? సగం ఇవ్వాలా, మొత్తమా? మొత్తం ఇస్తే 9,000 చాలదు. కుర్రాళ్లలో ఒకడు "ఆదాయం సర్టిఫికెట్ పెట్టించు బావా, లేకపోతే అందరూ వస్తారు" అంటున్నాడు. ఎవరైనా ఇలాంటిది నడిపి ఉంటే చెప్పండి.

---

రాసినవారు: టీచరమ్మ, ఆమదాలవలస

బాబూ, మంచి పని. డబ్బు ఎలా పంచాలో నాకు తెలియదు గానీ, ఖర్చే తగ్గే దారి ఒకటి చెప్తాను.

ఆ పదకొండేళ్ల బాబు పేరు బడిలో ఉందా? ఉంటే మీ మండలం భవిత కేంద్రానికి (ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) వెళ్లి ప్రత్యేక ఉపాధ్యాయులని కలవమనండి. అక్కడ వారంలో ఏదో ఒక రోజు ఫిజియోథెరపీ చేస్తారు. ఆ రోజు కనుక్కుంటే ప్రతి వారం శ్రీకాకుళం పరుగు తప్పుతుంది. సమగ్ర శిక్ష (ప్రభుత్వ బడుల పథకం) కింద ఇలాంటి పిల్లలకి రవాణా భత్యం, తోడు వచ్చేవాళ్లకి ఎస్కార్ట్ భత్యం కూడా ఉన్నాయి. పిల్లాడి బ్యాంకు ఖాతాకి ఆధార్ లింకు అయి ఉండాలి. ఆ డబ్బు వస్తే మంచిదే, దాన్ని నమ్ముకుని మాత్రం నెల ఖర్చు లెక్క వేయకండి.

రైలు సంగతి చాలామందికి తెలియదు. విశాఖలో పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కి వెళ్లాల్సి వస్తే శ్రీకాకుళం రోడ్డు స్టేషన్, అదే మా ఆమదాలవలస, అక్కడ ఎక్కితే సెకండ్ క్లాసు, స్లీపర్‌లో 75 శాతం రాయితీ. తోడు వెళ్లే ఒక మనిషికీ అంతే. అయితే అది అందరికీ కాదు. పూర్తిగా చూపు లేనివాళ్లకి, మానసిక వైకల్యం ఉన్నవాళ్లకి, తోడు లేకుండా ప్రయాణం చేయలేని శారీరక వికలాంగులకి. ఆ "తోడు లేకుండా చేయలేరు" అనే మాట రైల్వే ఫారంలో ప్రభుత్వ డాక్టరు రాసి సంతకం పెట్టాలి. యూడీఐడీ ఒక్కటే చూపిస్తే కౌంటర్‌లో ఒప్పుకోకపోవచ్చు. రైల్వేవాళ్ల దివ్యాంగుల కార్డుకి ఆన్‌లైన్‌లోనే అప్లై చేయొచ్చు, మీ కొట్టు ఉందిగా.

డయాలసిస్ అమ్మాయికి నా దగ్గర సలహా లేదు. చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది.

---

రాసినవారు: కాంప్లెక్స్ స్టాండు ఆటో

నేను ఆటో తోలుతాను మాస్టారు, శ్రీకాకుళం కాంప్లెక్స్ దగ్గర. "స్పెషల్ అమ్మా" అన్నది మావాళ్లే, కాదనను. ఎందుకంటామో కూడా వినండి.

షేరింగ్ అంటే బండి నిండితే కదులుతాది. కదలని మనిషిని ఎక్కిస్తే మూడు సీట్లు పోతాయి, ఎక్కించడానికి దించడానికి పది నిమిషాలు. వీల్‌చైర్ ఉంటే మడిచి వెనక కడ్డీకి రబ్బరు తాడుతో కట్టాలి, గతుకుల్లో అది జారితే మళ్లీ దిగాలి. మనిషిని ఎత్తేటప్పుడు చంకల కింద చెయ్యి వేసి ఎత్తితే వాళ్లకి నొప్పి. వెనక నుంచి ఒకరు, మోకాళ్ల దగ్గర ఒకరు పట్టుకోవాలి. రెండో మనిషి స్టాండులో ఎవడో ఒకడు సాయం వస్తాడు, పల్లెలో ఎవడుంటాడు? అలాగని మూడింతలు, ఏడింతలు అడగడం న్యాయం అని నేను అనడం లేదు.

మా బాధ ఏటంటే, ఏ రోజు బేరం ఎంతో తెలియదు. ఆగస్టు నుంచి ఆడవాళ్లంతా బస్సే ఎక్కుతున్నారు. మా ఇంటిదీ బస్సే ఎక్కుతాది, నేనెందుకు కాదంటాను. 2025 అక్టోబరు 4న ఆటో డ్రైవర్ల సేవలో అని ప్రభుత్వం నుంచి 15,000 పడింది, అది ఇన్సూరెన్సుకి, ఫిట్‌నెస్‌కి సరిపోయింది. ఖాయంగా ఉండే బేరం ఎవరైనా ఇస్తే రేటు తగ్గించడానికి ఏ డ్రైవరైనా ఒప్పుకుంటాడు.

ఆ డయాలసిస్ అక్క పొద్దున షిఫ్టే కదా? పదకొండుకి అయిపోతాది. మాది మడపాం అవతల. నేను మధ్యాహ్నం అన్నానికి ఖాళీ బండితో ఇంటికి వెళ్తాను. వారానికి మూడు రోజులు రోజు తప్పకుండా అంటే ఇంటిదాకా 350కి దించుతాను. ఆవిడ లేటయితే అరగంట ఆగుతాను, దానికి డబ్బులు అడగను. నేను రాలేని రోజు మా స్టాండులోనే ఇంకొకణ్ణి పంపుతాను, అదే రేటు. ఒక్కటే మాట. చీటీలూ ఆదివారం లెక్కలూ మాకు పడవు. డీజిల్ కొట్టించుకునేది ఏ రోజుకి ఆ రోజు. దించగానే ఫోన్‌పే చేసెయ్యండి, లేకపోతే పదిహేను రోజులకి ముందే ఇచ్చెయ్యండి.

---

రాసినవారు: బొబ్బిలోడు, బోస్టన్

మాది బొబ్బిలి, ఇక్కడ బోస్టన్‌లో ఉంటున్నాను. మా అపార్ట్‌మెంట్‌లో వీల్‌చైర్‌లో ఉన్న ఒక పెద్దాయన "ది రైడ్" అనే వ్యాన్‌లో తిరుగుతారు, ఆయన్ని అడిగి తెలుసుకున్నవి రాస్తున్నా. అక్కడికి ఇక్కడికి పోలిక లేదని నాకూ తెలుసు. లెక్క కట్టే పద్ధతి మాత్రం మీకు పనికొస్తుందనిపించింది.

అమెరికాలో 1990 నాటి వికలాంగుల చట్టం ప్రకారం, బస్సు నడిపే సంస్థ ఆ బస్సు ఎక్కలేని వాళ్లకోసం ఇంటి దగ్గరికి వచ్చే బండి కూడా నడపాలి. ఆ బండి ఛార్జీ మామూలు బస్సు ఛార్జీకి రెట్టింపు దాటకూడదు. సాయంగా వచ్చే మనిషికి టికెట్ లేదు. ముందురోజే బుక్ చేసుకోవాలి. బోస్టన్‌లో లోకల్ బస్సు 1.70 డాలర్లు, ది రైడ్ 3.35. పేదవాళ్లకి ఆ రెట్టింపు కూడా బరువే కదా, అందుకని 2024 సెప్టెంబరు నుంచి తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ది రైడ్ కూడా 1.70కే ఇస్తున్నారు. అంటే నడవగలిగినవాడు బస్సుకి ఎంత ఇస్తాడో, నడవలేనివాడూ అంతే ఇస్తాడు. న్యూయార్క్‌లో కూడా ఫెయిర్ ఫేర్స్ అని పేదవాళ్లకి సగం ఛార్జీ పథకం ఉంది, ఇంటికొచ్చే బండికి కూడా వాడుకోవచ్చు.

ఆదాయం సర్టిఫికెట్ సంగతి అడిగారు. బోస్టన్‌లో ఆహార సాయం, ప్రభుత్వ ఆరోగ్య బీమా లాంటివి ముందే పొందుతుంటే అదే రుజువు. మళ్లీ కొత్తగా నిరూపించుకోనక్కర్లేదు. మన దగ్గర రేషన్ కార్డు ఉందిగా, ఇంకేం కావాలి?

ఇదేదో స్వర్గం అనుకోకండి. ఆ చట్టం బస్సు రూటుకి ముప్పావు మైలు లోపల ఉన్నవాళ్లకే. అంతకన్నా దూరంగా ఉంటే ఆ బండి కచ్చితంగా రావాలనే నియమం లేదు. మీ ఊరు అమెరికాలో ఉన్నా హైవే నుంచి ఐదు కిలోమీటర్లు కదా, మీకు వర్తించేది కాదు. పెద్దాయన కూడా బండి కోసం కిటికీ దగ్గర చాలాసేపు ఎదురుచూస్తూ ఉంటారు.

నెలకి 500 నేనూ వేస్తాను. మీ ఊరి వాణ్ణి కాకపోయినా తీసుకుంటారా?

---

రాసినవారు: మూడు చక్రాలు, విజయనగరం

రెండు కాళ్లకీ పోలియో. విజయనగరం కంటోన్మెంట్ వైపు ఉంటాను, మూడు చక్రాల స్కూటరు నడుపుతాను. అందరూ ఆసుపత్రి, ఆసుపత్రి అంటున్నారు కాబట్టి నేను కొంచెం అడ్డం తిరుగుతాను, ఏమీ అనుకోకండి.

డయాలసిస్ అక్కకి, ఆ బాబుకి మీరు చెప్పింది కరెక్టే, వాళ్లది ప్రాణం, వైద్యం. మరి ఆ టైలరు సంగతి ఏమిటి? ఆయనకి ఆసుపత్రితో పనేముంది? దారం కొనుక్కోవాలి, కుట్టిన బట్టలు నరసన్నపేటలో ఇవ్వాలి, చెల్లెలి ఊరికి వెళ్లాలి, ఒక సినిమా చూడాలి. "ఆసుపత్రికి అయితేనే డబ్బు" అని రూలు పెడితే ఆయన మీ దగ్గరికి రాడు, లేదా లేని నొప్పి చెప్పుకుని వస్తాడు. చూపులేని కుర్రాడైతే ఇంకా సిగ్గుపడతాడు. ఈ ముగ్గురికీ నెలకి ఇంత అని చేతికే ఇచ్చేయండి. ఎక్కడికి వెళ్లావని అడక్కండి. మీ కుర్రాళ్లు చెన్నైలో సంపాదించింది ఎక్కడ ఖర్చు పెట్టారో ఎవరైనా అడుగుతున్నారా?

సర్టిఫికెట్లు అసలు అడగొద్దు. 2025లో వైకల్య శాతం మళ్లీ పరీక్ష చేయించుకోమని నోటీసులు వస్తే మావాళ్లు ఆసుపత్రుల చుట్టూ తిరిగారు. పెన్షన్ నిలబెట్టుకోవడానికి పెన్షన్ డబ్బుతోనే ఆటోలు కట్టించుకుని వెళ్లారు. మళ్లీ మీరొకరు కాగితం అడిగితే దండం పెట్టి వెళ్లిపోతారు.

ఫొటోలు వద్దు. వాట్సాప్ గ్రూపులో చెక్కు పట్టుకున్న బొమ్మ, పక్కన నలుగురు నవ్వుతూ నిలబడటం, కింద వందమంది దండాలు. డబ్బు వేసినవాళ్లకి లెక్క పంపండి, మొహాలు పంపకండి.

ఇంకోటి. ఆ టైలరుకి వయసు 45 లోపు అయితే, కాళ్ల వైకల్యం 70 శాతం పైన ఉంటే, రాష్ట్ర వికలాంగుల కార్పొరేషన్ వాళ్లు మోటారు మూడు చక్రాల బండ్లు ఉచితంగా ఇస్తుంటారు. నోటిఫికేషన్ వచ్చినప్పుడు నియోజకవర్గానికి కొన్నే ఉంటాయి, ఆదాయం, లైసెన్సు లాంటి షరతులు చూస్తారు. అందరూ నోటిఫికేషన్ వచ్చాక లైసెన్సుకి పరుగెడతారు. ఇప్పుడే ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్సు) తీయించండి. అలాంటి బండి నేర్చుకోవడానికి ఎవరిదైనా అడగాలి, మీ దగ్గర ఎవరూ లేకపోతే నా బండి ఉంది. చీపురుపల్లి వరకు నేను వస్తాను, ఆయన అక్కడికి వస్తే చాలు.

---

రాసినవారు: జెరాక్స్ కొట్టు, నరసన్నపేట వైపు

అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి కుర్రాళ్లతో గ్రూప్ కాల్‌లో మాట్లాడాను. గొడవ బాగానే జరిగింది, అయితే తేలింది.

బోస్టన్ అన్నయ్య చెప్పిన పద్ధతి పట్టుకున్నాం. అదే దారిలో మామూలు మనిషికి ఎంత అవుతుందో అంతే వీళ్లు ఇస్తారు, మిగతాది నిధి. డయాలసిస్ అక్క తిరుగు ప్రయాణానికి 40 ఇస్తుంది (సిటీలో షేరింగ్ 20, హైవే నుంచి ఊరికి 20, బస్సు ఉచితం). ఆటో అన్న చెప్పిన 350లో 310 నిధి నుంచి. నెలకి 4,030. ఆవిడకి ఈ మాట చెప్తే ముందు ఒప్పుకోలేదు. "ఊరి సొమ్ము నాకెందుకు నాయినా" అంది. నలభై నువ్వే ఇస్తున్నావు కదా అంటే అప్పుడు తలూపింది. పూర్తిగా ఉచితం అంటే వచ్చేది కాదేమో.

టీచరమ్మగారూ, బాబు తల్లి భవిత కేంద్రానికి వెళ్లొచ్చింది. వాళ్లు తీసుకుంటామన్నారు. కాళ్ల బెల్టులు సరిచేయించడానికి శ్రీకాకుళం తప్పదు కాబట్టి వారం విడిచి వారం అక్కడికి, మిగతా రెండు వారాలు నరసన్నపేటలో భవిత కేంద్రానికి. శ్రీకాకుళానికి 380 చొప్పున రెండుసార్లు 760, పేటకి రానుపోను ఆటో 300లో 260 చొప్పున 520. రెండిళ్లకీ కలిపి 5,310 అయింది.

మిగతా ముగ్గురికీ తలా 1,000, ఒకటో తారీకున గ్రామ సచివాలయం వాళ్లు పెన్షన్ ఇచ్చి వెళ్లాక. ఎందుకు అని అడిగేది లేదు. దీని మీదే గొడవంతా. "తాగితేనో?" అని ఒకడు అన్నాడు. నువ్వు తాగవా అని ఇంకొకడు అడిగాడు, కాసేపు ఎవరూ మాట్లాడలేదు, తర్వాత ఒప్పుకున్నారు. మొత్తం 8,310. మిగిలేది ఏడొందల లోపు, అది ఎవరికైనా అర్ధరాత్రి అవసరం పడితే. సంబరాల డబ్బు 40,000 కదపకుండా పోస్టాఫీసులో వేస్తున్నాం, ఏదో నెల కుర్రాళ్లకి పనులు లేకపోతే అందులోంచి తీస్తాం.

చీటీలు లేవు. కాగితం అంటే రేషన్ కార్డు ఒక్కటే, అదీ నా దగ్గర జెరాక్స్ ముందే ఉంది. ఫొటోలు లేవు. నెలాఖరుకి మొత్తం అంకె ఒక్కటే గ్రూపులో పెడతాను, పేర్లు పెట్టను.

బోస్టన్ అన్నయ్యా, బొబ్బిలి మాకు పక్క జిల్లాయే, తప్పకుండా తీసుకుంటాం. విజయనగరం గురువుగారూ, టైలరుకి నలభై మూడేళ్లు, కార్డు మీద 75 శాతం. ఎల్ఎల్ఆర్ స్లాట్ ఈ వారంలోనే పెడుతున్నాను. చీపురుపల్లికి ఎప్పుడు రమ్మంటారో చెప్పండి. ఆయన అప్పుడే కొత్త చొక్కా కుట్టుకుంటున్నాడు.

ఆటో అన్నా, మీ నంబరు ప్రైవేటు మెసేజ్‌లో పెట్టండి. సోమవారం నుంచి అనుకుంటున్నాం. ఆవిడ మెల్లగా నడుస్తుంది, వార్డు గుమ్మం దాకా బండి రానిస్తారా, గేటు దగ్గరే ఆపమంటారా?

---

రాసినవారు: కాంప్లెక్స్ స్టాండు ఆటో

నంబరు పెట్టాను. పేషెంటు ఉందంటే సెక్యూరిటీ లోపలికి వదుల్తాడు, నాకు తెలిసినోడే. ఎందుకైనా మంచిది, ఆవిణ్ణి బిల్డింగు మెట్ల దగ్గర నీడలో కూర్చోమనండి, నేనే లోపలికి వచ్చి తీసుకొస్తాను. మిషన్ మీంచి దించాక ఏమైనా తినమనండి, ఖాళీ కడుపుతో ఆటో ఎక్కితే కుదుపులకి వాంతులవుతాయి. ఫోను ఆదివారం పన్నెండు తర్వాత చెయ్యండి, దానికి ముందు మార్కెట్ బేరం ఉంటాది, ఎత్తలేను.